కాగితం మీది బావి

శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత నేను హయాత్‌నగర్‌లో ఉండే మా ఆపా ఇంటికి వెళ్తాను. మా తుర్కయంజాల్ నుండి అక్కడికి పెద్ద దూరం కాదు. భోజనాల వేళకు చేరితే దస్తర్‌ఖాన్ మీద ఖట్టీ దాల్, అన్నం, ఏదో ఒక కూర సిద్ధంగా ఉంటాయి. భోజనమైన తరువాత ఆమె కిటికీ పక్కనున్న తఖ్తు మీద దిండుకు ఆనుకుని కూర్చుంటుంది. నేను కుర్చీ దగ్గరకు లాక్కుని పుస్తకం తెరుస్తాను. ఆపాకు డెబ్బై ఆరేళ్ళు. రెండు కళ్ళకూ శస్త్రచికిత్స జరిగినా చిన్న అక్షరం అందడం లేదు. అందువల్ల ఆమెకు చదివి వినిపించడం గత ఏడాదిగా నా పని అయింది.

చదవడం మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఆమె ఒక మాట అంటుంది: "ఛోటే, ఏమీ వదలకుండా చదువుతున్నావు కదా?" వృద్ధాప్యపు సందేహమని నేను మొదట నవ్వి ఊరుకున్నాను.

నాకు ఉర్దూ అక్షరాలు నేర్పినది ఆమే. ఇంటి అరుగు మీద బొగ్గుముక్కతో అలిఫ్ గీసి, దాని మీద నా వేలు పెట్టి దిద్దించేది. ఏడవ తరగతితో ఆమె చదువు నిలిచిపోయింది. ఆ పై తరగతులున్న బడి దూరం, పైగా ఆడపిల్ల. నేను చదివి ఉపాధ్యాయుణ్ణయ్యాను. ఆమె నేర్పిన అక్షరాలతో ముప్పై నాలుగేళ్ళు జీతం తీసుకున్నాను. ఆపాకు మాత్రం తెలుగు మాట్లాడటమే తెలుసు, చదవడం రాదు. ఈ విషయం తరువాత అవసరమవుతుంది కనుక ఇక్కడే చెబుతున్నాను.

ఈ ఏడాది మేము చదువుతున్నది జీలానీ బానో రచనలు. మన పాఠకులలో పెద్దవారికి ఆ పేరు పరిచయమే అయి ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మన పిల్లలకు తెలియకపోవచ్చు. ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడుతున్నాము గానీ లిపి మన చేతిలోంచి జారిపోయింది. నా మనుమరాలు అమ్మమ్మతో గలగలా దక్కనీ మాట్లాడుతుంది, దుకాణం మీది ఉర్దూ బోర్డు మాత్రం చదవలేదు. ఆమె కోసం కూడా ఈ నెల ఇది రాస్తున్నాను.

జీలానీ బానో 1936లో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్‌లో జన్మించారు. తండ్రి హైరత్ బదాయూనీ ఉర్దూ కవి. ఉద్యోగరీత్యా ఆ కుటుంబం హైదరాబాదుకు వచ్చి ఇక్కడే స్థిరపడింది. కవుల రాకపోకలున్న ఇల్లు, పుస్తకాలు నిండిన గది, పరదా పాటించే కుటుంబ సంప్రదాయం, వీటి నడుమ ఆమె పెరిగారు. అప్పుడు నగరం మామూలు నగరం కాదు. ఆమెకు పన్నెండేళ్ళ వయస్సులో, 1948 సెప్టెంబరులో, ఐదు రోజులలో ఒక రాజ్యం అంతరించింది. మరుసటి సంవత్సరం జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. పల్లెల్లో అంతకు ముందే రాజుకున్న సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే మూడు ముక్కలై మూడు భాషల రాష్ట్రాలలో కలిసిపోయింది. ఎదుగుతున్న బాలిక కళ్ళముందు ఇరవై ఒక్క ఏళ్ళు నిండేలోపు ఇంత జరిగింది. పెద్దవారు పోయినదాని కోసం విలపిస్తూ ఉంటే ఆ బాలిక ఇంటి లోపలి గదులను గమనిస్తూ కూర్చుంది.

ఆమె తొలినాటి కథలలో ‘మోమ్ కీ మర్యమ్’ పేరు తెచ్చిపెట్టింది. మైనపు మర్యమ్ అని అర్థం. 1958లో ‘రోష్‌నీ కే మీనార్’ అనే తొలి కథాసంపుటి వెలువడింది. వివాహం అన్వర్ ముఅజ్జమ్ గారితో జరిగింది. ఆయన కవి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ అధ్యయన విభాగానికి అధిపతిగా పనిచేసినవారు, జమాలుద్దీన్ అఫ్ఘానీ భావాలపై గ్రంథం రచించిన పండితుడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నవలలు రాసే స్త్రీ ఇంటికీ దీనికీ దూరమైపోతుందనే అపోహ మన పెద్దలలో ఒకప్పుడు బలంగా ఉండేది. ఆమె ఇంటిని నడుపుతూ, పిల్లలను పెంచుతూ, ఒక ధార్మిక విద్వాంసుని సాహచర్యంలో ఉంటూనే దాదాపు అర్ధశతాబ్ది పాటు రాశారు. అస్మిత అనే మహిళా సంస్థతో కలిసి పనిచేశారు. 2001లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

అపోహ అన్నాను. నిజానికి ఉర్దూ నవల పుట్టుకే ఆ అపోహను ఖండిస్తుంది. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ‘మిర్ఆతుల్ ఉరూస్’ రాసింది తన కుమార్తెలు చదువుకోవడానికి. ఆడపిల్లలకు తగిన పుస్తకం దొరకక ఒక తండ్రి తానే రాసిపెట్టాడు. ఆ నజీర్ అహ్మద్ కొంతకాలం హైదరాబాదు సంస్థానంలోనూ ఉద్యోగం చేశారు. తరువాతి తరంలో ఈ నగరంలోనే సుగ్రా హుమాయూన్ మీర్జా బేగం నవలలు రాశారు, ‘అన్నిసా’ పత్రిక నడిపారు, 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా పాఠశాల స్థాపించారు. జీలానీ బానో వెనుక ఇంత దారి ఉంది. ఆమె దానిని ఇంకొంచెం కష్టమైన చోటికి తీసుకువెళ్ళారు. తొలి రచయితలు ఆడపిల్ల ఎలా ఉండాలో చెప్పారు. ఈమె ఆడపిల్లను ఇల్లు ఏమి చేస్తుందో చూపారు.

1976లో వెలువడిన ‘ఐవానె గజల్’ ఒక భవనం పేరు. గజల్ మందిరం అనవచ్చు. యజమాని వాహిద్ హుస్సేన్ సాహిత్యరసికుడు, మర్యాదస్థుడు, పూర్వీకుల వైభవం మీద బతుకుతున్న పెద్దమనిషి. ఆ ఇంటిలో మాట మృదువు, అత్తరు సువాసన, ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. ఆ మృదుత్వానికి కావలసిన ధాన్యం ఎక్కడి నుండి వస్తున్నదో ఎవరూ అడగరు. నిజాం పాలనలో రాజ్యభూమిలో దాదాపు 40 శాతం జాగీర్ల కింద, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫెఖాస్ కింద ఉండేది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా జిల్లా సర్ఫెఖాస్‌లోనిదే. అంటే గజల్ వినిపించిన ప్రతి మహఫిల్‌కూ దీపపు నూనె ఏదో ఒక పల్లె పంపినదే.

ఆ ఇంటి ఆడవారు చాంద్, గజల్, కైసర్. చాంద్, గజల్ ఇద్దరూ వాహిద్ హుస్సేన్ మనుమరాళ్ళు. పాత కాలంలో పరదా వెనుక ఉంచినది మగవారే. కాలం మారి కొత్త అధికారులతో, వ్యాపారులతో పరిచయాలు అవసరమైనప్పుడు పరదా తొలగించి సభల ముందుకు నడిపించినదీ మగవారే. రెండుసార్లూ ఆమెను ఎవరూ అడగలేదు. ఈ ఒక్క పరిశీలన చాలు, నా దృష్టిలో, ఈ నవలను మన ఇళ్ళల్లో చదివించడానికి. పరదా గురించి జరిగే వాదప్రతివాదాలలో రెండు పక్షాలూ మరచిపోయే ప్రశ్నను ఆమె అడిగారు. కైసర్ మాత్రం గడప దాటి తెలంగాణ పోరాటంలోకి వెళ్ళిపోతుంది. ఆమె తన కుమార్తెకు పెట్టుకున్న పేరు క్రాంతి. నవాబుల ఇంటి వంశవృక్షంలో ఆ పేరు చదివినప్పుడు ఆపా కొంచెంసేపు ఆగమంది. "ఆ పేరు వాళ్ళ ఇంటిలో ఎవరికి నోరు తిరిగి ఉంటుంది?" అని తనలో తాను నవ్వుకుంది.

నవలలో అన్నీ నాకు నచ్చాయని కాదు. కైసర్ నడిచిన మార్గంలో దైవవిశ్వాసానికి దొరికిన చోటు తక్కువ. అన్యాయాన్ని ఎదిరించడానికి దీనును విడిచిపెట్టవలసిన అవసరం లేదని నమ్మేవాణ్ణి నేను. అయితే ఆ మందిరంలో తస్బీహ్ తిప్పుతూనే పనిపిల్ల చేయి వాతపెట్టే వారుంటే, కైసర్ ఎటు వెళ్ళిందని కాక ఎందుకు వెళ్ళిందని అడగడం న్యాయం.

పోయిన హైదరాబాదు గురించి మనవారు మాట్లాడుకునే తీరు మీకు తెలుసు. షేర్వానీలు, బిర్యానీలు, తహజీబ్. ఆ తహజీబ్ అబద్ధం కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించడం మన గర్వకారణమే. కాని జీలానీ బానో ఆ భవనంలో కూర్చునే దాని పునాది తవ్వి చూపారు. బయటివారు విమర్శిస్తే అది నింద అవుతుంది. ఇంటి బిడ్డ చెబితే వినక తప్పదు.

అదే కాలాన్ని గోడకు ఆవలి వైపు నుండి తెలుగులో రాసినవారు ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ మన పాఠశాల గ్రంథాలయాలలో దొరుకుతాయి. రంగాచార్య గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారు, ‘ఉమ్రావ్ జాన్ అదా’ను తెలుగులోకి తెచ్చినవారు. ఆయన అన్నగారు కృష్ణమాచార్య గాలిబ్ గజళ్ళను తెలుగు చేశారు. ఒక వైష్ణవ కుటుంబం గాలిబ్‌ను తెలుగు ఇంటికి తీసుకువచ్చింది. ఒక ఉర్దూ రచయిత్రి తెలుగు పల్లెను ఉర్దూలోకి తీసుకువెళ్ళింది. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి మన పిల్లలకు చెప్పవలసింది.

ఆ రెండవ ప్రయాణం ‘బారిషె సంగ్’. రాళ్ళ వాన అని అర్థం. 1985లో వచ్చింది. భవనం నుండి ఈసారి ఆమె నేరుగా తెలంగాణ పల్లెకు వెళ్ళారు. అప్పు తీర్చలేక దొర ఇంటిలో వెట్టికి కట్టుబడిన కుటుంబాలు, తండ్రి అప్పుకు కొడుకు శరీరం తాకట్టు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చిన మాట నిజమే, కాని చట్టం పల్లె పొలిమేర దగ్గర ఎంతసేపు నిలబడిపోయిందో ఈ నవల చెబుతుంది. కథానాయకుడు సలీమ్. దొర గడీ ముందు తలవంచుకుని నిలబడిన వరుసలో అతడి కుటుంబమూ ఉంది. ఆ కాలపు ముస్లిం అనగానే నవాబో, రజాకారో, తాలూక్‌దారో గుర్తుకు వచ్చేవారికి ఈ సలీమ్ ఒక సమాధానం. మన తాతలలో ఎక్కువమంది ఆ వరుసలోనివారే. దూదేకులవారు, బండి తోలేవారు, కౌలుకు దున్నేవారు. మా తాత మోట కొట్టేవాడు.

మోట అంటే ఇప్పటివారికి చెప్పాలి. బావి గట్టు మీది నుండి ఏటవాలుగా దారి ఉంటుంది. ఎడ్లు ఆ దారిలో కిందికి నడుస్తుంటే తోలుసంచి నీళ్ళతో పైకి వస్తుంది. ఎడ్లు వెనక్కి నడిస్తే సంచి మళ్ళీ కిందికి దిగుతుంది. తెల్లవారుజామున ఫజర్ అజాన్‌కు ముందే మోట చప్పుడు వినిపించేదని మా నాన్న చెప్పేవాడు. మా నాన్న కాలానికి కరెంటు మోటారు వచ్చింది. మా ఊరి మాసబ్ చెరువు నిండిన ఏడాది ఆ బావిలో నీళ్ళు చేతికందేవి. నగరంలోని మాసాబ్ ట్యాంకుకు ఆ పేరు ‘మా సాహెబా’ నుండి, అంటే కుతుబ్‌షాహీ రాజమాత హయాత్ బక్షీ బేగం బిరుదు నుండి వచ్చిందంటారు. హయాత్‌నగర్ కూడా ఆమె పేరిటిదే. మా చెరువు పేరు వెనుక ఉన్నది ఆమేనో కాదో గానీ, ఆపా మాత్రం చిన్నప్పుడు "అది రాణీగారి చెరువు, మనది రాణీగారి నీళ్ళు తాగే బావి" అని నాకు కథలు చెప్పేది.

మూడెకరాల చెలక, దానిలో ఒక బావి. నాన్న మాకు విడిచి వెళ్ళింది అదే.

రెండు నెలల క్రితం నవలలకు విరామమిచ్చి ఆమె కథలు చదువుదామని ఆపాయే అడిగింది. ‘నర్సయ్యా కీ బావ్‌డీ’ తీశాను. ఈ కథ పేరు కొందరికి మరో దారిలో తెలుసు. శ్యామ్ బెనెగల్ తీసిన ‘వెల్‌డన్ అబ్బా’ చిత్రానికి ఆధారమైన మూడు కథలలో ఇది ఒకటి. చిత్రంలో అర్మాన్ అలీ అనే డ్రైవరు సెలవు మీద హైదరాబాదు దగ్గరి తన పల్లెకు వచ్చి ప్రభుత్వ పథకంలో బావి తవ్వించుకోవాలనుకుంటాడు. ప్రతి బల్ల దగ్గరా కొంత సమర్పించుకుంటూ పోగా సొమ్ము కరిగిపోతుంది. చివరకు బావి దస్త్రాలలో పూర్తవుతుంది, నేల మీద మాత్రం ఉండదు. అప్పుడు అతడి కూతురు సమాచార హక్కు చట్టంతో కాగితాలు బయటికి తీయించి, మా బావి దొంగతనానికి గురైందని ఫిర్యాదు చేయిస్తుంది. కాగితాల ప్రకారం బావి ఉంది, మరి ఎక్కడికి పోయినట్లు?

ఆపా చాలాసేపు నవ్వింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అడిగింది.

"ఛోటే, మన బావి ఎక్కడుండేదిరా? ఇప్పుడు అక్కడ ఏముంది?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మంచినీళ్ళ కోసం లేచాను.

2005లో మా వైపు భూముల ధరలు ఒక్కసారిగా లేచాయి. సాగర్ రహదారి వెంబడి ప్రతి టీకొట్టులో ఔటర్ రింగు రోడ్డు మాటే. చెలక కొంటామని వచ్చినవారు వారసులందరి సంతకాలూ కావాలన్నారు. అమ్మ అప్పటికే లేదు. వారసులం ఇద్దరమే, నేను, ఆపా. షరీయత్ లెక్క ప్రకారం కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు. మూడెకరాలలో ఒక ఎకరం ఆమెది. ఇందులో పండితుణ్ణి అడగవలసిన సందేహం ఏదీ లేదు. విరాసత్ వాటాలు నిర్ణయించినది అల్లాహ్. ఈ లెక్క నేను బడిలో పిల్లలకు కూడా చెప్పి ఉన్నాను.

దస్తావేజు రాసే ఆయన రెండు పేజీల కాగితం సిద్ధం చేశాడు. ఆపా బుర్ఖాలో వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఆయన అలవాటుగా సిరా పెట్టె ముందుకు తోశాడు. ఆపా దానిని చేత్తో పక్కకు జరిపి "నేను సంతకం చేస్తాను" అన్నది. కాగితం తెలుగులో ఉంది. "ఏముంది దీనిలో? చదువు" అని నన్ను అడిగింది. చదివాను. మొదటి పేజీ చదివాను, భూమి సరిహద్దులు, సర్వే నంబరు, నాన్న పేరు. రెండవ పేజీలో ఆమె తన వాటాను ఏ ప్రతిఫలమూ లేకుండా తన ఇష్టపూర్వకంగా సోదరుడికి వదులుకుంటున్నట్లు ఉంది. ఆ పేజీని తిప్పి "అమ్మకానికి నీ ఒప్పుదల కావాలట, అంతే ఆపా" అన్నాను. ఆమె ఉర్దూలో తన పేరు పొందికగా, ఒక్క చుక్క జారకుండా రాసింది. దారిలో ఆమెకు ఒక చీర కొని ఇచ్చాను. బావగారు అప్పటికి మంచం పట్టి ఉన్నారు.

నేను చేసిందేమీ కొత్త కాదు. మన ఇళ్ళల్లో ఇది ఎంత మామూలుగా జరుగుతుందో మీకు తెలుసు. "అక్కాచెల్లెళ్ళు మాఫ్ చేశారు" అంటాము. పెళ్ళికి ఖర్చు పెట్టాము గదా అంటాము. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని వారికి తెలుసు, వారికి తెలుసన్నది మనకు తెలుసు. ఆ భయంతో పెట్టిన సంతకాన్ని సంతోషపూర్వకం అంటాము. ‘ఐవానె గజల్’ చదువుతున్నప్పుడు వాహిద్ హుస్సేన్ మీద నాకు కోపం వచ్చింది. మరుసటి వారం ఆ కోపం తగ్గింది. మర్యాదగా మాట్లాడే మనిషి ఇంటిలో అన్యాయం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసని గుర్తుకు వచ్చింది.

బావి ఎక్కడుందన్న ప్రశ్నకు జవాబు ఇది. చెలక కొన్నవారు బావిని పూడ్చి ప్లాట్లు వేశారు. ఎకరానికి 4840 గజాలు, దారులకు పోగా మిగిలినవన్నీ అమ్ముడుపోయాయి. బావి పూడ్చిన చోట పడిన 200 గజాల ముక్కను మాత్రం ఎవరూ కొనలేదు. పూడ్చిన నేలలో పునాది కుంగుతుందని అందరికీ భయం. ఆ ముక్కను తక్కువ ధరకు నేనే తిరిగి తీసుకున్నాను. ఇరవై ఏళ్ళలో నేల గట్టిపడింది. చుట్టూ మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. ఊరికి పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చింది. ఇప్పుడు ఆ ముక్క కోసం నెలకు ఇద్దరైనా ఫోను చేస్తారు. అది నా కొడుకు కోసం దాచానని ఇంటిలో అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

ఆ శుక్రవారం కథ ముగించకుండానే వచ్చేశాను. రాత్రి ఇనుప బీరువాలోంచి ఆ కాగితం నకలు తీశాను. అడుగున ఆపా సంతకం. ఆ చేతివ్రాతే నా చేతివ్రాత. నూన్ చివర ఆమె తిప్పే మలుపే నేనూ తిప్పుతాను. ఆ రాత్రి లెక్క వేశాను, అప్పుడు వచ్చిన సొమ్ములో ఆమె మూడవ వంతు ఎంత, ఆ ముక్క ఇస్తే ఎంత తీరుతుంది, ఇంకా ఎంత మిగులుతుంది. ముక్క ఆమె పేరిట రిజిస్టరు చేసినా తీరేది కొంతే. మిగతాది నా పింఛను నుండి నెలనెలా ఇవ్వాలి. నేను పోయేలోగా తీరకపోతే నా అప్పుల జాబితాలో మొదటి వరుసలో రాసిపెట్టాలి. వారసత్వం పంచేముందు అప్పు తీర్చడం విధి కదా. ఆ లెక్క కాగితం నా కొడుకు చేతికి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. ఏమీ అనలేదు, మడిచి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. అతడి మనసులో ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన ఉందని నాకు తెలుసు. వాడిది న్యాయమైన ఆశే. వాడికి ఆ ఆశ పుట్టించినది నేనే.

తరువాతి శుక్రవారం పుస్తకంతోబాటు ఆ కాగితం నకలునూ తీసుకువెళ్ళాను. భోజనమయింది. ఆపా తఖ్తు మీద కూర్చుని ఎప్పటిలాగే అడిగింది, "ఏమీ వదలకుండా చదువుతావు కదా?"

"ముందు ఇది చదువుతాను ఆపా" అని రెండు పేజీలూ చదివాను. తెలుగులో ఉన్నది ఉన్నట్లు చదివి, దాని కింద మన మాటలో అర్థం చెప్పాను. రెండవ పేజీ దగ్గర నా గొంతు పట్టుకుంది. ఆమె ఆపలేదు. చివరి పంక్తి దాకా వింది.

"ఆ రోజు నువ్వు పేజీ తిప్పావు గానీ కళ్ళు కదపలేదు" అన్నది చివరకు. "చదివేవాడి కళ్ళు ఎలా కదులుతాయో నాకు తెలియదా? నేర్పింది నేను కదరా."

నేను లెక్క కాగితం ఆమె ముందు పెట్టాను. బావి మీది 200 గజాల సంగతి, మిగిలిన బాకీ సంగతి చెప్పాను. ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చూపు అందకపోయినా చాలాసేపు చూసింది. తన ఇద్దరు కూతుళ్ళ పేర్లు చెప్పి, రాసేటప్పుడు వారి పేర్లు కూడా అడిగి రాయమంది. వారి సంతకాలు వేరుగా తీసుకోమంది, చదివి వినిపించిన తరువాతే తీసుకోమంది. నా కొడుకు ఏమన్నాడని అడిగింది. ఏమీ అనలేదని చెప్పాను. వచ్చే శుక్రవారం వాణ్ణి కూడా తీసుకురమ్మంది.

ఆ తరువాత దిండు సర్దుకుని, "నర్సయ్య బావి ఎక్కడిదాకా వచ్చింది? అక్కడి నుండి చదువు" అన్నది.